బావగారి పక్కన నిలబడ్డామె

నంద్యాల, 1957. ఆదివారం రాత్రి.

నౌకాదళంలో చేరి యుద్ధంలో పేరు తెచ్చుకున్న మా బావగారు ఇన్నేళ్లకు ఇంటికొచ్చారు. వీధంతా దండలు తెచ్చింది. భర్తను వదిలేసి ఆయనతో ఓడెక్కి వచ్చేసిన ఆమె, గడప ముందు ఆయన పక్కనే నిలబడింది.

హారతి పళ్లెం నా చేతికిస్తూ అత్త చెవిలో చెప్పింది. "వానికి బొట్టు పెట్టు. దానికి పెట్టినావంటే నువ్వు గూడా బయటే ఉండు."

ఆయనకు పెట్టి, ఆమె వైపు చూశాను. అవుకు చెరువుకైతే అవతలి గట్టు కనపడుతుంది. ఆమె కళ్లలో ఏ గట్టూ కనపడలేదు. నా వేలు తనంతట తానే ఆమె నుదుటికి పోయింది.

"సముద్రం ఎట్లుంటాదక్కా?" అన్నాను.

"భయమేస్తుంది. అయినా మళ్లీ పోవాలనిపిస్తుంది."

అత్త అన్నం ముట్టలేదు. మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. నాకు భయంగానే ఉంది. రేపూ ఆమెకు బొట్టు పెట్టాలనిపిస్తోంది...