రెండు తలుపుల ఫ్రిజ్‌కి ఊక బస్తాలు

తెనాలి,
మంగళవారం, మధ్యాహ్నం.

పూజ్యుడైన అన్నయ్యకు చెల్లెలు సామ్రాజ్యం నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేము ముగ్గురం క్షేమం. ముగ్గురం అంటే నేను, మీ బావ, నీ కూతురు గంగ. నువ్వు ముందుగా వెతుక్కునేది పిల్ల పేరే కాబట్టి మొదటి వరసల్లోనే రాసేశాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? వదిన దగ్గు తగ్గిందా? కొత్త వల వేటకు దిగిందా, ఇంకా అల్లుతూనే ఉన్నారా? అన్నీ వివరంగా రాయి. పోయినసారి లాగా కార్డు ముక్క మీద నాలుగు మాటలు గీకి పంపితే ఊరుకోను.

ఈ ఉత్తరం ముందు నువ్వొక్కడివే చదువుకో. అమ్మకి ఏది వినిపించాలో, ఏది దాటెయ్యాలో తర్వాత చూసుకోవచ్చు. పోయిన గురువారం చెరుకుపల్లి సూరమ్మ చేపల గంపతో తెనాలి వచ్చి, నన్నూ గంగనూ ఆసుపత్రి వరండాలో చూసింది. ఆవిడ చూసింది గోరంత. రేపల్లె బండి దిగేసరికి అది కొండంత అయి ఉంటుంది. అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను. పిల్ల బాగుంది. మళ్ళీ చెబుతున్నాను, బాగుంది. ఇప్పుడే మజ్జిగన్నం తిని నా పక్కన కూర్చుని గచ్చకాయలు ఆడుకుంటోంది.

ఉగాది వెళ్ళాక పిల్లను నాకు అప్పజెప్పిన రోజు నువ్వన్న మాటలు నాకు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. "మన రేవులో కరెంటు స్తంభమే లేదు. ఈ షుగరు మందు చల్లగా లేకపోతే పనిచెయ్యదంట. రెండు పూటలా సూది పొడిచేవాళ్ళు కూడా లేరు. మీ వదినేమో సూది చూస్తేనే పడిపోద్ది. నీ ఇంట్లో ఆ పెద్ద ఫ్రిజ్ ఉందనే దీన్ని ఒదిలెళ్తన్నానే చెల్లీ" అన్నావు. నన్ను చూసి కాదు, ఫ్రిజ్‌ను చూసి వదిలావన్నమాట! అప్పుడు నాకు కాస్త కోపం కూడా వచ్చింది.

ఆ ఫ్రిజ్‌ను నువ్వు నిలబడి చూసింది ఐదు నిమిషాలే. అమెరికా డాక్టరమ్మ తమ దేశం వెళ్ళిపోతూ, ఇన్నేళ్ళూ తన జీపు నడిపినందుకు మీ బావకు ఇచ్చి వెళ్ళింది. పెళ్ళివారి బీరువాలా రెండు తలుపులు పక్కపక్కనే ఉంటాయి. ఎడమ తలుపు తీస్తే ఐసు, కుడి తలుపు తీస్తే చల్లదనం. దాన్ని లోపలికి తేవడానికి గుమ్మం పీకించాల్సి వచ్చింది. ఇంటి యజమాని వచ్చి, "ఏంటయ్యా, సామాను కోసం ఇల్లు పడగొడతారా?" అని కేకలేశాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం చల్లటి నీళ్ళకు చెంబు పంపేది ఆయనే. అమెరికా కరెంటు మన కరెంటులో సగమేనట. అందుకని మధ్యలో ఒక ఇనప పెట్టె పెట్టారు. అది పగలంతా జుమ్మంటూ ఉంటుంది. ఇక పేట సంగతి అడగకు. ఒకరి అట్లపిండి, ఒకరి మల్లెపూలు, ఒకరి పెరుగు. ఫ్రిజ్ మాది, అందులో సామాను వాళ్ళది.

దాని జబ్బులు కూడా ఒక్కొక్కటే నేర్చుకున్నాను అన్నయ్యా. తలుపు సరిగ్గా పడటం లేదనిపిస్తే మధ్యలో కాగితం పెట్టి లాగాలి. తేలిగ్గా ఊడి వస్తే రబ్బరు వదులైనట్టు. ముందు కాళ్ళ కింద సన్నటి చెక్కముక్కలు పెడితే తలుపు దానంతటదే వెనక్కి పడుతుంది. ఒకసారి అడుగున నీళ్ళు నిలిచాయి. చూస్తే నీళ్ళు పోయే కన్నంలో చేప పొలుసు అడ్డుపడి ఉంది, పుల్లతో తీసేశాను. మీ బావకు జీపు తెలుసు, ఫ్రిజ్ మాత్రం నాకే తెలుసు అని వీధంతా గొప్పలు పోయాను. దెబ్బ అక్కడే తగిలింది.

పోయిన వారం ఎండలు నీకు తెలుసుగా. మీకు సముద్రపు గాలైనా ఉంది, ఇక్కడ గోడలు కూడా కాలిపోయాయి. మీ బావ డాక్టర్లను తీసుకుని బాపట్ల వైపు పల్లెలకు శిబిరానికి వెళ్ళాడు. ఆదివారం నేను ఫ్రిజ్ పక్కగోడ మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. ఎండ ఫ్రిజ్‌కి కూడా తగులుతోంది, లోపల చల్లదనం కరిగిపోతుంది అనుకున్నాను. నీకూ అదే తడుతుంది. నాన్న ఐసు దిమ్మలు ఎలా కాపాడేవాడు? కింద ఊక, పక్కన ఊక, పైన ఊక, దాని మీద గోనెపట్టాలు. వేలు దూరే సందు కూడా ఉంచనిచ్చేవాడు కాదు. గాలి తగిలితే ఐసు బతకదు అనేవాడు. నేనూ గంగా వడ్లమిల్లు నుంచి ఊక బస్తాలు రిక్షాలో తెచ్చి, ఫ్రిజ్ వెనకా పక్కలా సందు లేకుండా దోపాము. పైన రెండు గోనెపట్టాలు కప్పాము. నాన్న ఉండి చూస్తే మెచ్చుకునేవాడు అనుకున్నాను.

సోమవారమంతా మోటారు ఆగకుండా తిరిగింది. పాపం ఎంత కష్టపడుతోందో అని ముచ్చటపడ్డాను. మంగళవారం నుంచి టక్‌మని ఒక చప్పుడు, కాసేపు మూలుగు, మళ్ళీ టక్. తలుపు తీస్తే దీపం వెలుగుతోంది కాబట్టి పనిచేస్తోంది అనుకున్నాను. ఆ దీపం వేరు, మోటారు వేరు అని నాకు తెలియదు. చల్లదనం పోతుందని తలుపు కూడా చటుక్కున తీసి, మందు సీసా అందుకుని, చటుక్కున మూసేదాన్ని. ఆ ఎండలో ఏది పట్టుకున్నా చల్లగానే అనిపించేది. ఎడమ తలుపు అసలు తియ్యనే లేదు.

బుధవారం గంగ చెంబుల కొద్దీ నీళ్ళు తాగింది. మాటిమాటికీ పెరట్లోకి వెళ్ళొచ్చింది. ఎండ దెబ్బ అనుకుని సబ్జా నీళ్ళు ఇచ్చాను. రెండు పూటలా సూది కూడా పొడిచాను, ఆ సీసాలోంచే.

గురువారం పొద్దున నేను సూది మరగబెడుతుంటే పిల్ల తనే వెళ్ళి సీసా తెచ్చింది. తెచ్చి చెంపకి ఆనించుకుని నిలబడిపోయింది.

"అత్తా, ఇది చల్లగా లేదు."

"లేకపోవడమేంటే? దీపం వెలుగుతానే ఉందిగా. చెయ్యి ఇటియ్యి."

"నేనివ్వను. నాన్నైతే ఇట్టాంటి చేపని గంపలో ఎయ్యనివ్వడు."

నాకు ఒళ్ళు మండింది. దీన్ని చూడు, పదకొండేళ్ళు నిండలేదు, నాకు చెబుతోంది అని విసురుగా వెళ్ళి ఎడమ తలుపు తీశాను. నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. మీ బావ కోసం దాచిన వంజరం ముక్కలు వేలితో నొక్కితే గుంట పడింది. వాసన నీకు చెప్పక్కర్లేదు. కుడి తలుపు తీస్తే గంగ మందు సీసాలు ఇంకో ఐదు ఉన్నాయి. పిల్ల చేతిలోదానితో కలిపి ఆరూ గోరువెచ్చగా ఉన్నాయి.

ఇప్పుడున్న కొత్త డాక్టరమ్మ ఇచ్చిన నీలం మందు గొట్టంలో పోసి, పిల్ల ఒంటేలు చుక్కలు కలిపి, మంట మీద కాచి షుగరు పరీక్ష చేశాను. నీలంగా ఉంటే మంచిది. అది కాగుతూ కాగుతూ ఇటుక రంగుకు వచ్చింది. పిల్లను రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. డాక్టరమ్మ ఆసుపత్రి మందు వేసి, సాయంత్రం దాకా అక్కడే ఉంచి, మళ్ళీ మళ్ళీ పరీక్ష చేసింది. "ఆ ఆరు సీసాలూ పారెయ్యండమ్మా, వాటిని నమ్మడానికి లేదు. ఇంకో రెండు రోజులు పొడిచి ఉంటే పిల్ల చేతికి దక్కేది కాదు" అంది. సూరమ్మ నన్ను చూసింది అప్పుడే. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను, అది మాత్రం నిజం. పొద్దు వాలేలోగా గొట్టంలో రంగు ఆకుపచ్చకు తిరిగింది, మమ్మల్ని ఇంటికి పంపారు.

మర్నాడు మోటార్లకు తీగ చుట్టే మస్తాన్ గారిని పిలిపించాను. ఆయన గుమ్మంలోనే ఆగిపోయి చూశాడు.

"ఏంటమ్మా ఇది? ఎండాకాలం దీనికి దుప్పట్లు కప్పారేంటి?"

"ఐసు కరక్కుండా అండి. మేము సముద్రం కాడోళ్ళం, ఐసు సంగతి మాకు తెలుసు."

"ఐసు సంగతి తెలుసు, దీని సంగతి తెలీదు. ఐసుకి వేడి బయట్నించి వస్తది, కప్పితే మంచిదే. ఇదేమో లోపలున్న వేడిని లాగి, ఎనకున్న ఈ ఊచల్లోంచి బయటికి కక్కుతది తల్లీ. మీరు దాని ముక్కూ నోరూ మూసేశారు. పక్కగోడ కాలిందంటే పని బాగా చేస్తందని అర్థం."

బస్తాలు లాగేసి, ఊచల మధ్య ఇరుక్కున్న ఊకంతా కుంచెతో దులిపాడు. మోటారు కాలిపోకుండా కరెంటు తెంచే చిన్న బిళ్ళ ఒకటి ఉందట. ఆ టక్ టక్ దానిదేనట. అది మాడిపోయి ఉంటే మార్చాడు. గంటసేపు చల్లారనిచ్చి వెయ్యగానే, ఏమీ జరగనట్టు తిరగడం మొదలుపెట్టింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. నేను కాఫీ ఇచ్చాను కానీ నవ్వలేకపోయాను.

ఇప్పుడు అన్నీ పద్ధతిగా ఉన్నాయి, ధైర్యంగా రాస్తున్నాను. ఫ్రిజ్‌ను గోడకి జానెడు ఎడంగా జరిపాము. లోపల ఆసుపత్రి వాళ్ళిచ్చిన వేడి కొలిచే గొట్టం పెట్టాను, రెండు పూటలా చూస్తాను. మందు సగం ఆసుపత్రిలోనే ఉంచాము. కరెంటు పోతే కొత్త కుండలో తడి ఇసక పోసి, సీసాకు గుడ్డ చుట్టి అందులో పెట్టవచ్చని డాక్టరమ్మ చెప్పింది, అది కూడా సిద్ధం చేశాను. పేటవాళ్ళ అట్లపిండి అంతా పారబోశాను. వాళ్ళు రెండు రోజులు అలిగి మూడో రోజు మళ్ళీ గిన్నెలు పట్టుకొచ్చారు. మీ బావ బాపట్ల నుంచి వచ్చి, ఊక బస్తాలు తనే మోసుకెళ్ళి మిల్లులో ఇచ్చి వచ్చాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇంకొకటి చెప్పాలి. శుక్రవారం పొద్దున సూదిలోకి మందు లాగి, పొడవలేక మళ్ళీ సీసాలోకే వదిలేశాను. మూడుసార్లు అదే చేశాను. గంగ కాసేపు చూసి, "ఇటియ్యత్తా, నువ్వు ముందు కూర్చో" అని సూది తన చేతిలోకి తీసుకుంది. గీత చూసి మందు లాగింది, గాలి బుడగ తీసేసింది, తొడ మీద చర్మం పట్టుకుని తనే పొడుచుకుంది. మొహం చిట్లించలేదు. అప్పటి నుంచి రెండు పూటలా తనే. నేను పక్కన నిలబడి గీతలు సరిచూడటమే.

సూరమ్మ చేతికి ఈసారి ఎండు నెత్తళ్ళు కాసిని ఇచ్చి మాకు పంపు. గంగకు రెండు లంగాలు పొట్టి అయిపోయాయి, వదినను కొత్తవి కుట్టించమను.

ఇదంతా చదివి నువ్వు మొదటి బండికి వచ్చి పిల్లను తీసుకెళ్తానంటావు. నీ మీద నాకు కోపం రాదు, నా తప్పు అంత పెద్దది. పోయిన శనివారం అంతా క్షేమమని ఒక పేజీ రాసి, చించేశాను. ఇంకో సంగతి దాచుకోవచ్చు, అది కూడా దాచను. నువ్వు పిల్లను నా దగ్గర వదిలిన కారణాలు రెండూ పోయాయి అన్నయ్యా. మందుకు తడి ఇసక కుండ చాలు, కొద్ది రోజులకు సరిపడా మందు ఆసుపత్రి నుంచి మీ బావ పంపుతూ ఉంటాడు. సూది తనే పొడుచుకుంటుంది. డాక్టరమ్మను కూడా అడిగాను, నెలకోసారి చూపిస్తే రేవులోనైనా ఉండొచ్చు అంది. గంగకు ఇక ఫ్రిజ్ అక్కర్లేదు, నేను కూడా అక్కర్లేదు. ఇంట్లో ఇంకో మనిషి గొంతు వినపడటం నాకు అలవాటైపోయింది. దాన్ని ఇక్కడ ఉంచమని అడుగుతున్నది నా కోసం.

అమ్మ పాదాలకు నా దండాలు. వదినకు నమస్కారాలు చెప్పు. మీ బావ నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. నీ ఆశీస్సులు నా మీద, ఈసారి కొంచెం ఎక్కువగానే, ఉంచమని కోరుకుంటూ,

నీ చెల్లెలు,
సామ్రాజ్యం