కాలు నేలకందే బండి

అన్నయ్యా,

క్షేమమని రాద్దామంటే విరిగిన పక్కటెముకలు ఒప్పుకోవడం లేదు. ఉద్యోగం మానేయమన్నావు, నేను అడిగింది బండి గురించి. క్వారీ తనిఖీకి మా గనుల ఆఫీసువాళ్లిచ్చిన రాళ్లదారి మోటార్‌సైకిల్ ఎత్తెక్కువ. కొత్తగా నేర్చుకున్న నాకు మునివేళ్లే నేలకందుతాయి. మొన్న క్వారీవాళ్లు అడ్డంగా నిలబడితే ఆపబోయాను. కాలు అందక బండితో సహా పడ్డాను. లేవనివ్వకుండా ఇనుపరాడ్లతో కొట్టారు. చేతికందిన హెల్మెట్‌తో ఒకడి దవడ పగలగొట్టాను. "పొట్టిదానికి ఎంత పొగరో!" అంటూ ఇంకొకడు నా వేళ్లు తొక్కాడు.

స్కూటర్ చాలంటావు, ఆ రాళ్లమీద అది రెండు రోజులకే చస్తుంది. నీ మెకానిక్ షెడ్డులో రాళ్లదారిని తట్టుకునేది, బరువు తక్కువది చూడు. సీటు స్పాంజి కోసి దించు, రెండు పాదాలూ నేలకు ఆనాలి. సైలెన్సర్ చప్పుడు మాత్రం తగ్గించకు. నేనొస్తున్నట్టు వాళ్లకు ముందే వినపడాలి.

నీ చెల్లి