ఆయుధ పూజనాడు ఆడిన రంపం

శారదా,

ఆయుధ పూజ రోజు రంపం మిషన్ ఆడించనని నీకు మాటిచ్చాను. ఏడాదికి ఆ ఒక్క రోజైనా ఇంట్లో మనిషి మాట వినపడాలని నువ్వడిగావు. నేను వసారాలో అల్యూమినియం కోస్తుంటే ఆ కీచుమోతలో నువ్వు వంటింట్లో బిందె పడేసినా నాకు తెలిసేది కాదు.

నేను మాట తప్పిన ఏడు, నువ్వు బ్లేడుకు పెట్టిన కుంకుమ ఆరకముందే నీ తమ్ముడు కౌల్ బజార్ నుంచి వచ్చాడు. తన అంగడి షోకేసుకు రెండు అల్యూమినియం ముక్కలు తక్కువయ్యాయన్నాడు. నేను స్విచ్ వేశాను. కోత అయ్యాక నీళ్ల కోసం లోపలికి వస్తే నువ్వు పొయ్యి దగ్గర పడి ఉన్నావు. పిలిచే ఉంటావు.

ఈరోజు మళ్లీ ఆయుధ పూజ. బ్లేడుకు నేనే కుంకుమ పెట్టి, మిషన్ వైరు పీకేశాను. వాడు మళ్లీ వచ్చాడు, చేతిలో కిటికీ పట్టీతో.

"ఒక్కటే కోత బావా, నిమిషం పని. పూజ అయిపాయ గదా."

"ఈపొద్దు ఆడించను."

"ఎవురికి భయపడతాండావు? అక్క ల్యాకపాయె."

"అందుకే ఆడించను. పోరా."

గొణుక్కుంటూ పోయాడు. ఇప్పుడు వంటింటి కుళాయి చుక్క పడినా వసారాలోకి వినపడుతోంది.

నువ్వు పోయాక ఇన్ని పుస్తకాలు చదివాను, నన్ను వెనకేసుకొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు. స్విచ్ వేసిన చెయ్యి నాదే. అయినా ఆ రోజు వాడు వంటింటి గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు. నీ పిలుపు వాడికి వినపడే ఉంటుంది. నేనిప్పటికీ తప్పుపట్టేది వాణ్ణే, నీ ముద్దుల తమ్ముడు హనుమంతును.