సూర్యుడు మింగిన మాట

ఏప్రిల్ 20, 1980. ఆదివారం

ఇవాళ రేడియోలో, షార్ట్‌వేవులో దూరదేశం నుంచి వచ్చే క్రైస్తవ స్టేషన్లో చెప్పారు. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి నాయన చెప్పిన బైబిలు వాక్యం! ఆళ్ళగడ్డ ఉపదేశి అని పేరు కూడా చదివారు. గొంతు ఆపరేషన్‌కు ముందు నంద్యాలలో టేపు పట్టారు. రెండేళ్ళకు గుర్తొచ్చింది వాళ్ళకు. ఇప్పుడు నాయనకు గొంతు లేదు. పలక ఉంది. దాని మీద రాశాడు — "అందర్నీ పిలువు." నాకు ఏడుపొచ్చి వంటింట్లోకి వెళ్ళాను.

ఏప్రిల్ 26

చర్చి సంఘం మొత్తంలో షార్ట్‌వేవు పలికే రేడియో మాదొక్కటే. అందుకే పెత్తనం అందరిదీ. సంఘ పెద్ద దానియేలన్న పొద్దున్నే వచ్చి రేడియో నుంచి నేలలోకి దించిన ఎర్తు కమ్మీ దగ్గర బిందెలతో నీళ్ళు పోయించాడు. నేల తడిగా ఉంటే పలుకు బాగుంటుందని. కొంత నిజమే. కానీ తాగే నీళ్ళకు కొట్లాడుకునే వీధిలో రేడియోకు స్నానం!

ఏప్రిల్ 27. ఆదివారం

ఇల్లంతా మనుషులు. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని రేడియో పక్కనే కూర్చున్నాడు. నాలుగైంది. పాట వచ్చింది. "ప్రియ శ్రోతలారా" అన్నారు... అంతే. మాట బావిలోకి దిగిపోయినట్టు సన్నగిల్లింది. ఆ తర్వాత ఒట్టి బుస.

ముల్లు తిప్పాను. ఏరియల్ లాగాను. ఏమీ లేదు. మీడియంవేవులో కడప స్టేషన్ పెడితే గణగణా పలుకుతోంది — ఎరువుల గురించి.

"సైతాను అడ్డం పడినాడు" అని దానియేలన్న రేడియో మీద చెయ్యి పెట్టి ప్రార్థన. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, నాయననే చూస్తున్నా. ఆయన రేడియోనే చూస్తున్నాడు. కార్యక్రమం టైము దాటి ఎంతోసేపయ్యాక షార్ట్‌వేవు తనంతట తానే తిరిగొచ్చింది. ఏదో తెలియని భాషలో పాట. తల బద్దలు కొట్టుకోవాలనిపించింది.

ఏప్రిల్ 29

పేపర్లో మూలన చిన్న వార్త. ఆదివారం సూర్యుడి మీద పేలుడట. చాలా దేశాల్లో షార్ట్‌వేవు కాసేపు మూగబోయిందట. అదీ సంగతి!

దానియేలన్నకు బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆకాశంలో ఒక పొర ఉంటుందన్నా, దూరం నుంచి వచ్చే అలలు దానికి తగిలి కిందికి వస్తాయి. సూర్యుడు పేలితే దాని కిందున్న గాలి ఆ అలలను మింగేస్తుంది. కడప అల నేల వెంబడే వస్తుంది కాబట్టి దానికేం కాదు.

"అంటే సూర్యునికి మన వాక్యం మీదే కోపమా, టీచరమ్మా? ఎరువుల మీద లేదా?"

"కోపం కాదన్నా..."

"ఎండకు రేడియో చెడేటట్లుంటే మన సీమలో ఒక్కటన్నా పలుకుతాదా? రేడియోలు బాగుచేసే మస్తాన్‌కు చూపించు."

ఫిబ్రవరిలో గ్రహణం పట్టిన రోజు ఊరు ఊరంతా తలుపులు బిగించుకుంది. నేను వాకిట్లో నిలబడితే పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు నిజంగా సూర్యుడు మా ఇంట్లోకి దూరి నాయన మాట ఎత్తుకుపోతే ఒక్కరూ నమ్మరు. పదేళ్ళుగా ఈ ఊరి పిల్లలకు సైన్సు చెప్తున్నాను. ఎవరి కోసం?

మే 1

నంద్యాల. టేపు పట్టిన పాస్టరయ్యను అడిగాను, వాక్యం ఇంకోసారి వేయించమని. "చెప్పి పంపుతాలేమ్మా" అన్నాడు. ఆ 'లేమ్మా'తోనే నా ఆశ సగం చచ్చింది. బస్సులో సీటు దొరకలేదు. ఎండ మండిపోతోంది.

మే 2

నిన్న నేను ఊళ్ళో లేని సమయం చూసి దానియేలన్న రేడియోను మస్తాన్ అంగడికి మోసుకుపోయాడు! నాయన అడ్డం చెప్పలేదు. ఎలా చెప్తాడు... పలక మీద రాసేలోపు వాళ్ళు వీధి దాటి ఉంటారు.

పరుగున పోయాను. మస్తాన్ అప్పటికే విప్పి పెట్టాడు.

"లోపల తీగచుట్టల కాయిల్లు బిగించినా టీచరమ్మా. ఇంక చూడు, యా స్టేషనైనా పలుకుతాది."

ఇంటికి తెచ్చి పెట్టాను. షార్ట్‌వేవు మొత్తం చచ్చిపోయింది. కడప మాత్రం ఇంకా గట్టిగా పలుకుతోంది. రోగం లేని దానికి వైద్యం చేసి చంపారు. నోటికొచ్చినట్టు తిట్టాను. మస్తాన్ బిక్కమొహం వేశాడు.

మే 4. ఆదివారం

రేడియో బాగుపడాలని సంఘమంతా ఉపవాస ప్రార్థన. నేను అన్నం తిన్నాను.

మే 9

మస్తాన్ మళ్ళీ వచ్చి గెలికిపోయాడు. బుస కూడా లేదు ఇప్పుడు.

మే 13

నాయన గొంతు చూపించడానికి నంద్యాల ఆసుపత్రికి. ఆసుపత్రి వాకిట్లోనే పాస్టరమ్మ ఎదురొచ్చి నాయన చేతులు పట్టుకుంది.

"మొన్న ఆదివారం ఎంత బాగా పలికిందయ్యా మీ వాక్యం! ఒక్క గరగర లేదు."

మళ్ళీ వేశారా? ఎప్పుడు చెప్పారు?

"ముందు వారమే చెప్పినారు గదమ్మా రేడియోలో. మీకు తెలుసనుకుంటిమి. మీరు వినలేదా?"

మే 11. ఆ రోజు సూర్యుడు ఏ గొడవా చేయలేదు. మేమే చేసుకున్నాం.

"వాక్యం కడాకు మీ నాయన నీ పేరు చెప్పి ఏందో అన్నాడు పాపా. నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి."

ఏమన్నాడు?

"ఏందో... మంచి మాటే. గుర్తు లేదు పాపా."

పాస్టరయ్యను పట్టుకున్నాను, ఆ టేపు ఏది? దాని మీద అప్పుడే ఇంకెవరి వాక్యమో పట్టేశారట. నవ్వుతూ చెప్పాడు.

బస్సులో నాయనను కిటికీ పక్కన కూర్చోబెట్టి నేను వెనక సీట్లో కూర్చున్నాను.

మే 14

పొద్దున పలక, బలపం తెచ్చి నాయన ముందు పెట్టాను.

"నా పేరు పెట్టి ఏమన్నావు నాయనా?"

తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అడిగాను. గట్టిగా అడిగాను, పక్కింటివాళ్ళు తొంగిచూసేంత గట్టిగా. అప్పుడు నిదానంగా రాశాడు.

"అది ప్రార్థన. దేవునికి చెప్పుకున్నా. ఆయన విన్నాడులే."

విని ఉంటాడు. ఆయనకు రేడియో అక్కర్లేదు. నేను నాయన గొంతు విని రెండేళ్ళయింది.