నువ్వు కట్టిన ముడి

అన్నయ్యకు, నీ చెల్లెలి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ వదినా పిల్లలూ బాగున్నారని నీ ఉత్తరంలో ఉన్న ఒక్క వాక్యాన్ని అమ్మ నాచేత మూడుసార్లు చదివించుకుంది. చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరాల పిచ్చేమిటని మీ బావ నవ్వుతారు. ఫోనులో నువ్వు "ఊఁ" అనడం, నేను "ఏమిటి ఊఁ" అనడం, ఆపైన ఇద్దరం వానల గురించి మాట్లాడుకోవడం, ఇంతే కదా! కాగితమైతే నాలుగు పేజీలు నా మాట వినక నీకు తప్పదు.

ముందు నువ్వడిగినవి. అమ్మ మోకాలు పరవాలేదు. మెట్లెక్కకూడదని డాక్టరు గట్టిగా చెప్పినప్పటి నుంచి రోజుకు రెండుసార్లు డాబా ఎక్కుతోంది. అదేమంటే "నీళ్ళు కాగాయో లేదో చూడొద్దుటే?" అని ఎదురు నన్నే దబాయిస్తుంది. నువ్వు నల్లరంగు పూసి డాబా మీద చుట్టలుగా పరిచిన ఆ పైపే ఇప్పటికీ మా స్నానాలకి వేణ్ణీళ్ళు ఇస్తోంది. రెండుచోట్ల కారుతుంటే మీ బావ సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి బిగించారు. "మీ అన్న ఏ ముహూర్తాన పెట్టాడో గానీ, సబ్బు రాసుకున్నాకే చన్నీళ్ళు వస్తాయి" అని రోజూ స్నానాల గదిలోంచి ఆయన కేక.

ఇక ప్రతి ఉత్తరం చివరా నువ్వు తప్పకుండా రాసే ముక్క, టైలరు మామయ్య కులాసాయేనా అని. కులాసాయే. అదే వరండా, అదే మిషను, అదే స్టూలు. ఆయన సంగతి కింద రాస్తాను, తొందరపడకు.

అసలు ప్రశ్న నువ్వు కొంచెం కోపంగానే అడిగావు. "వద్దని ఒకసారి చెప్పాక మళ్ళీ మళ్ళీ ఎందుకు పిలుస్తావే పిడుగూ? నా చేతుల మీద నాకు నమ్మకం లేదు. ఒకసారి మామయ్య చెయ్యి కాల్చాను. చాలదా?" అని రాశావు. అది చదివాక నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. జవాబు రాస్తాను. కానీ ఒక్క గెంతులో అక్కడికి చేరలేను, మెల్లగా నడిచి వెళ్ళనీ. నేను ఏదైనా సూటిగా చెప్పిన పాపాన పోయానా ఎప్పుడైనా?

మొన్న అటక సర్దుతుంటే నీ మొదటి పొయ్యి దొరికింది. అదే, అమ్మ పాత రేకు పెట్టె. లోపలంతా నల్లరంగు, చుట్టూ కుక్కిన పాత గుడ్డలు, మీద మూతగా ఫ్రేముల షాపాయన ఇచ్చిన గీతలు పడ్డ గాజుపలక. దాన్ని పట్టుకొచ్చి నువ్వు "ఇది ఎండపొయ్యి" అంటే ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం. పొద్దున తొమ్మిదికి పెట్టిన బంగాళాదుంపలు మధ్యాహ్నం రెండింటికి తీశావు. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని "ఉడికిందిరా, అది ఉడికేలోపు నేను ముసలిదాన్నైపోయాను" అంది. నువ్వేం చిన్నబుచ్చుకోలేదు. పైగా నోటుపుస్తకంలో "ఐదు గంటలు, ఉడికింది" అని రాసుకున్నావు. నాన్న అది చూసి "చదువు పుస్తకాలు కూడా ఇంత శుభ్రంగా ఉంటే బాగుణ్ణు" అని సణిగారు గానీ, ఆ దుంపల్లో నాలుగు తిన్నది ఆయనే.

ఆ మరుసటేడు డిష్షు. లాడ్జీవాళ్ళు డాబా మీంచి దింపేసిన టీవీ డిష్షుని నువ్వూ నేనూ తోపుడుబండి మీద వేసుకుని తెచ్చాం గుర్తుందా? దారి పొడుగునా "ఏం బాబూ, స్నానానికి తొట్టా?" అని అడగనివాడు పాపాత్ముడు. ఫ్రేముల షాపాయన కోసి పారేసే అద్దం ముక్కలు బస్తాలో పోసి ఇచ్చారు. రెండు వందల ముక్కలు. ఒక్కోదానికీ దారం పట్టి, కోణం చూసి, వంగి చూసి, లేచి చూసి అతికించావు. దారం రెండో కొస పట్టుకుని నిలబడడం నా ఉద్యోగం. కదిలితే తిట్టేవాడివి, తుమ్మినా తిట్టేవాడివి. వెలుగంతా వచ్చి అరచేతంత చోట చేరిన రోజున, గిన్నెడు నీళ్ళు పావుగంటలో తెర్లుతుంటే, సందు సందంతా వచ్చి చప్పట్లు కొట్టింది. నువ్వు మాత్రం "ఇంకో రెండు ముక్కలు సరిచెయ్యాలి" అని గొణుక్కుంటూ తల గోక్కున్నావు.

అప్పటి నుంచి పెరట్లో పదకొండు ఇళ్ళ గిన్నెలకీ వంతులు. ఎవరి గిన్నె ఎవరిదో తెలియక రోజూ రభస అవుతుంటే, టైలరు మామయ్య ఇంటికో రంగు దారం ఇచ్చి గిన్నె పిడికి కట్టుకోమన్నారు. దాంతో మన సందులో ఇంటి నంబర్లకు కాలం చెల్లిపోయింది. "పసుపుదారం వాళ్ళ పప్పు అడుగంటుతోంది, ఎవరైనా చూడండి!" "ఇవాళ నీలందారం వాళ్ళింట్లో చుట్టాలు, వాళ్ళకి ముందు వదలండి." కొత్త పోస్టుమాను కూడా నెల తిరక్కుండా "ఎర్రదారం వాళ్ళకి ఉత్తరం" అని కేకేయడం మొదలుపెట్టాడు. మబ్బు పట్టిందంటే పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళూ ఒకేసారి బయటికొచ్చి ఆకాశాన్ని తిట్టేవాళ్ళు. ఎంత బాగుండేదో అన్నయ్యా ఆ పెరడు! ఇప్పటికీ వంట చేస్తూ చేస్తూ ఆ రోజులు తలుచుకుని స్టవ్ ముందు ఊరికే నిలబడిపోతాను.

నిరుటి నుంచి సందుకి మళ్ళీ ఆ పిచ్చి పట్టుకుంది. పైవాటా నర్సమ్మ పాత కిటికీ తలుపులతో పెట్టె చేయించి టమాటాలు ఎండబెడుతోంది. ఎండకి చార్జి అయ్యే పలక ఒకటి తెచ్చి మెట్ల దగ్గర దీపానికి తగిలించారు. ఇవన్నీ చూసి ఫ్రేముల షాపాయన ఒకరోజు తన గోడౌన్లోంచి ఏం బయటికి తీశారనుకున్నావు? నీ డిష్షు! అద్దాలు పోయి ఉత్త ఇనుప చిప్ప. నాన్న పాత సామాన్లవాడికి వేసెయ్యమంటే "అలాగే" అని తల ఊపి ఇన్నేళ్ళు దాచారట. అందరూ కూర్చుని మళ్ళీ అద్దాలు అతికించారు. కానీ వెలుగు ఒకచోట చేరితేగా! అన్నం పళ్ళెమంత చోట చెల్లాచెదరుగా పడుతోంది. గంటన్నర పెట్టిన గుడ్డు గోరువెచ్చగా అయింది. ఇంకాస్త ఉంచితే పిల్లయినా వచ్చేదేమో. ఆ ముక్కలు అమర్చే పద్ధతి నీకు తప్ప ఎవరికీ తెలియదు, నోటుపుస్తకం నువ్వే చింపేశావు. అందుకే అందరూ నా ప్రాణం తీస్తున్నారు, "మీ అన్నయ్యని పిలువమ్మా" అని. నేను నీ ప్రాణం తీస్తున్నాను.

ఇక ఆ రోజు సంగతికి వస్తాను. నీకు తెలిసినంత ముందు రాస్తాను. పని అయ్యాక డిష్షుకి మందపాటి ముసుగు కప్పి, వెనక రెండు ముళ్ళు వేయాలన్నది నువ్వు పెట్టిన నియమం. ఆ ముసుగు కుట్టింది మామయ్యే. ఆ రోజు నువ్వు కొత్త అద్దాల కోసం బజారుకి వెళ్ళావు. మధ్యాహ్నం డిష్షు వెలుగు పడి, మామయ్య వరండా అంచున దండెం మీద వేలాడుతున్న బట్టలు అంటుకున్నాయి. బడి పిల్లల యూనిఫాములు, నెల రోజుల కుట్టు. ఆయన ఎడమ చేత్తో లాగి ఆర్పబోయారు. ఆ చేతి రెండు వేళ్ళు ఈ రోజుకీ మడతపడవు, అరచేత్తోనే గుడ్డ నొక్కి పట్టుకుంటారు. నువ్వు వచ్చేసరికి ముసుగు నేల మీద ఉంది. నాన్న "ముడి వేశావా లేదా?" అన్నారు. నువ్వు "వేశాననే అనుకుంటున్నాను నాన్నా" అన్నావు. "అనుకుంటున్నావా!" అన్నారు ఆయన. ఆ ఒక్క మాటకి నీ మొహం ఎలా అయిందో నేను తలుపు పక్క నుంచి చూశాను. సాయంత్రం సుత్తి తీసుకుని రెండు వందల ముక్కలూ నువ్వే పగలగొట్టావు. పది రోజులకి బాబాయి దగ్గరికి, ఆ గిడ్డంగి ఉద్యోగంలోకి వెళ్ళిపోయావు. అప్పటికి నీకు ఇరవై.

అన్నయ్యా, నువ్వు ముడి వేశావు. రెండు ముళ్ళూ వేశావు, గట్టిగా వేశావు. ఒకటి రాకపోతే పళ్ళతో లాగాను. విప్పింది నేను.

అంతకు ముందు రోజు పిన్ని నాకు కొత్త చెవిదుద్దులు ఇచ్చింది. ఆ పొద్దున చూసుకుందామంటే ఇంట్లో ఉన్నది ఒక్క అద్దం, దాని ముందు నాన్న గడ్డం గీసుకుంటున్నారు. పెరట్లో ఇంకా నీడే, ఎండ గోడ దాటలేదు. ముసుగు తీసి డిష్షు ముందు నిలబడ్డాను. రెండు వందల ముక్కల్లో రెండు వందలమంది నేను, అందరికీ కొత్త దుద్దులు! తల ఇటు తిప్పి, అటు తిప్పి, జడ ముందుకేసుకుని, వెనక్కేసుకుని, ఎంతసేపు చూసుకున్నానో. ఇంతలో అమ్మ పిలిచింది. పరుగెత్తాను. మళ్ళీ కప్పాలన్న ధ్యాసే లేదు. మధ్యాహ్నానికి ఎండ గోడ దాటింది.

ఎందుకు చెప్పలేదంటావా? మొదటి రోజు నాన్నంటే భయం. తర్వాత రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఆ తర్వాత, నువ్వే ఒప్పుకున్నావు కదా, ఇంక నేనెందుకు అనుకున్నాను. అవును, అంత నీచంగా కూడా అనుకున్నాను, దాచను. పద్నాలుగేళ్ళ పిల్లని అని సరిపెట్టుకోవచ్చు. మరి పాతికేళ్ళప్పుడు? ముప్ఫై ఏళ్ళప్పుడు? నాన్న మంచంలో ఉన్నప్పుడు రోజూ పక్కనే కూర్చున్నాను. ఆయనకీ చెప్పకుండానే పంపించేశాను. ఈ ఇరవై ఆరేళ్ళలో నీకు ఎన్ని ఉత్తరాలు రాశానో, ప్రతిదాంట్లోనూ ఇదే రాద్దామని కూర్చుని అమ్మ మోకాలి గురించి రాశాను.

పోయిన వేసవిలో వదిన ఫోనులో నవ్వుతూ చెప్పింది, "మీ అన్నయ్య తాళం వేసి మూడుసార్లు వెనక్కి వచ్చి చూస్తారు, గ్యాసు కట్టేశానా అని వీధి చివరి నుంచి తిరిగొస్తారు" అని. ఇక్కడ అందరూ నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. నిన్ను అలా చేసింది నేను. మతిమరుపు నీది కాదు అన్నయ్యా, ఎప్పుడూ కాదు.

నీకు రాసేముందు మామయ్యకి చెప్పాలనిపించింది. నిన్న పొద్దున అమ్మని కూడా తీసుకుని వరండాలోకి వెళ్ళి, స్టూలు పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పేశాను. మామయ్య మిషను ఆపారు. సూది కింద నుంచి గుడ్డ తీసి పక్కన పెట్టారు. తర్వాత, "వాడు వెళ్ళేముందు నాకు చెప్పడానికి వచ్చాడమ్మా. ఈ గుమ్మంలో నిలబడ్డాడు. నేను మొహం తిప్పుకున్నాను. ఎంతసేపు నిలబడ్డాడో కూడా చూడలేదు" అన్నారు. "నన్ను క్షమించండి మామయ్యా" అన్నాను. "చెయ్యి సంగతి వదిలెయ్. నువ్వు లే ఇక్కణ్ణుంచి. కాసేపు నాకు కనపడకు" అన్నారు.

అమ్మ దారిలో ఒక్కటే మాట అంది. "వాడు వెళ్ళే రోజు కోపంతో నేను అన్నం కూడా వడ్డించలేదే." అంతే, అప్పటి నుంచి నాతో మాటల్లేవు. ఏదైనా కావాలంటే మీ బావతో "దాన్ని అడగండి, నా కళ్ళద్దాలు ఎక్కడ పెట్టిందో" అంటోంది. మీ బావ పాపం మా ఇద్దరి మధ్యా పోస్టుమానులా తిరుగుతున్నారు. నాకు తగిన శాస్తే.

ఇది చదివి వెంటనే ఫోను తీసి "పోనీలే పిడుగూ" అనకు. నీకు అలవాటది, నాకు తెలుసు. అంత తేలిగ్గా వదిలేస్తే నేను భరించలేను. తిట్టు. కొన్నాళ్ళు రాయడం మానెయ్. నీ ఇష్టం వచ్చినంత కోపగించుకో. డిష్షు కోసం రమ్మని ఇంక నేను అడగను, అడిగే మొహం నాకు లేదు.

కానీ మామయ్య మాట చేరవెయ్యక తప్పదు. ఈ పొద్దున ఆయనే మన గుమ్మంలోకి వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు. "వాడికి రాస్తున్నావుగా, నా తరఫున కూడా ఒక ముక్క రాయి" అన్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నా మాట ఒక్కటి కూడా కలపకుండా.

"నెల రోజులు చూస్తాను. నువ్వు రాకపోతే నేనే బస్సెక్కి వచ్చి నీ గుమ్మంలో నిలబడతాను. మొహం తిప్పుకుంటావో లేదో అది నీ ఇష్టంరా అబ్బాయ్."

ఇట్లు,
నీ చెల్లెలు,
పిడుగు.