వాన వద్దని మొక్కిన రోజు

బుధవారం, రాత్రి

ఇంటి నుంచే ఆన్‌లైన్లో పాఠాలు చెప్పే ఉద్యోగం నాదే! నెట్ కోసం మిద్దె మీద పెట్టించిన శాటిలైట్ డిష్ నా పరువు నిలబెట్టింది.

దానికి సాయంత్రం డెమో క్లాసు చెప్పాలి. పొద్దున్నుంచీ మబ్బులే. గట్టి వాన పడితే నెట్ పోతుంది. నాయన ఆ డిష్ పక్కనే నిలబడి, "ఈపొద్దు వాన వస్తాదమ్మా, శెనక్కాయ పైరు బతుకుతాది" అన్నాడు. నేనేమో లోలోపల రావద్దని మొక్కుకుంటున్నాను. ఈ కరువు సీమలో పుట్టి వాన వద్దనుకున్నది నేనొక్కదాన్నే కాబోలు!

క్లాసు ఒక్కసారి కూడా ఆగలేదు. "సోమవారం నుంచి చేరండి" అని, క్లాసు చూసిన మేడమ్ చెప్పి కాల్ పెట్టేసిన కాసేపటికే కుండపోత. నెట్ పోయింది.

"అయ్యో, నీ నెట్టు పాయ కదమ్మా" అన్నాడు నాయన, మిద్దె మీద తడుస్తూనే.

"పోనీలే నాయనా!" అని నేనూ మిద్దెక్కి తడిశాను.

సోమవారం నుంచి రోజూ క్లాసే. ఇక రోజూ ఏమని మొక్కుకోవాలో...