వెలుతురు చెట్ల గట్టు

చేవెళ్లలో ఉండే రిటైర్డ్ సైన్స్ టీచరు మాణిక్యం అనే నేను, వయసు అరవై ఏడు, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. ఒంట్లో షుగర్ ఉన్నది. బుద్ధిలో లోటు లేదు. దీన్ని అమలు చేయవలసింది నా బిడ్డ అశ్విని.

1. చేవెళ్ల ఇల్లు నా తదనంతరం సర్వహక్కులతో అశ్వినికి. తల్లి దవాఖానలో ఉన్న నలభై రోజులూ హైటెక్ సిటీ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి పక్కన కూర్చున్నది. ఆమె రుణం తీర్చలేను.

2. మొయినాబాద్ దగ్గరి ఇరవై గుంటలు కూడా అశ్వినికే, గట్టు తప్ప. ఆ గట్టు మీద నా భార్య అంతమ్మ వెలుతురు చెట్లు, అంటే తుమ్మను పోలిన ఒక ముళ్ల జాతి, పెంచింది. మేక పెంటికల్లోంచి గింజలు ఏరి, వేడినీళ్లలో నానబెట్టి నాటేది. నేను ఏడాదికోసారి కూడా పోలేదు.

3. నా భూతద్దం మా అన్న కొడుకు నాగేందర్‌కు. అంతమ్మ దవాఖానలో ఉండగా, భూమి కొనేవాళ్లు వస్తున్నారని జేసీబీ తెచ్చింది అతనే. కానీ "కాకా, ఇది సర్కారు తుమ్మేనా?" అని నన్ను అడిగాడు. ఆమె మొక్కలు ఎండిపోయి తుమ్మ కమ్మిందనుకున్నాను. బోటనీ చదివిన నేను స్కూటర్ దిగకుండానే అవునన్నాను. జేసీబీ ఆమె వెలుతురు చెట్లన్నిటినీ నేలమట్టం చేసింది. రెండేండ్లు అతనితో మాట్లాడలేదు. తప్పు నాది.

అంతమ్మకు చెప్పాను. నవ్వింది. "బడిపిల్లలకు గిట్లనే చెప్పినవా సారూ? ఫికర్ చెయ్యకు. వేరు ఉంటే మళ్ల లేస్తది." నేను చెప్పిన పదకొండో రోజు పోయింది.

4. మూడడుగుల వెడల్పు గల ఆ గట్టు, అక్కడ మేకలు మేపే సంగమ్మకు. వానలకు వేర్ల నుంచి పిలకలు లేచాయి. వాటిలో ఏది వెలుతురు చెట్టో, ఏది తుమ్మో నాకు తెలియలేదు. సంగమ్మ నా వేలు పట్టి ముల్లు మీద పెట్టింది. "తుమ్మకు ఆకు మొదట్ల రెండు ముండ్లు జంటగ ఉంటయ్. దీనికి కొమ్మ కొసనే ముల్లయితది. ముట్టుకో బాపు, కొరకదు." ఈ ఏడు పూత వచ్చింది. వేలాడే పూవు, పైన సగం గులాబీ, కింద సగం పసుపు. ఆమెకు కృతజ్ఞుణ్ణి.

5. అశ్విని భూమి అమ్ముకోవచ్చు. ఏ యంత్రమైనా లోపలికి వచ్చే ముందు సంగమ్మ, ఆమె తర్వాత ఆమె నేర్పినవాళ్లు, గట్టంతా నడిచి ప్రతి మొక్కనూ ముట్టి చూడాలి. వాళ్లు తుమ్మ అన్నదే తీయాలి.

అశ్వినీ, గట్టు నీకు రాయలేదని బాధపడకు. చదువును చూసి గుర్తుపట్టే పని నాకు ఇస్తే ఏమైందో చూశాం. ఈసారి గుర్తుపట్టేవాళ్లకు ఇచ్చాను.

చేవెళ్ల, 19 ఆగస్టు 2007
(సంతకం) మాణిక్యం

మా ముందు సంతకం చేశారు:
1. గిద్యోను, రిటైర్డ్ టీచరు, చేవెళ్ల
2. శ్రీశైలం, రైతు, ముడిమ్యాల